సొంత ఓఎస్‌కి యూఈఎఫ్ఐ బూట్: లోడర్ వేరే రాయాలా, కెర్నల్‌లోనే కలిపేయాలా?

రింగ్‌జీరో:
అందరికీ నమస్తే. ఖాళీ టైమ్‌లో చిన్న 64 బిట్ ఓఎస్ రాసుకుంటున్నా. ఇన్నాళ్లూ పాత బయోస్ పద్ధతే, 512 బైట్ల బూట్ సెక్టార్, 16 బిట్ మోడ్, అక్కణ్నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి లాంగ్ మోడ్‌కి (64 బిట్ మోడ్) వెళ్లడం. కొత్త లాప్‌టాప్‌లో ఆ లెగసీ బూట్ ఆప్షనే లేదు, బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌కి ఇక మారక తప్పదు. లైనక్స్ ఈఎఫ్ఐ స్టబ్ లాగా కెర్నల్‌నే (ఓఎస్ అసలు భాగం) ఫర్మ్‌వేర్ నేరుగా నడిపే ఈఎఫ్ఐ ఫైల్‌గా చేసేయాలా, లేక వేరే లోడర్ రాసి ఈఎల్ఎఫ్ ఫార్మాట్‌లో (లైనక్స్ ప్రోగ్రామ్ ఫైళ్ల ఫార్మాట్) ఉన్న కెర్నల్‌ని దాంతో ఎక్కించాలా? ఇంకోటి, ట్రయల్‌గా రాసిన లోడర్ క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో ఓవీఎంఎఫ్ (వర్చువల్ మెషీన్ల యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్) మీద బానే నడుస్తోంది గానీ లాప్‌టాప్‌లో ఎగ్జిట్‌బూట్‌సర్వీసెస్ (ఫర్మ్‌వేర్ బూట్ సేవల్ని ఆపి మెషీన్‌ని ఓఎస్‌కి అప్పగించే కాల్) దగ్గర ఇన్వాలిడ్ పారామీటర్ అంటోంది. మెమరీ మ్యాప్ (ఏ మెమరీ దేనికి వాడుతున్నారో చెప్పే జాబితా) తీసుకుని, స్క్రీన్ మీద ప్రింట్ చేసి, తర్వాత ఎగ్జిట్ పిలుస్తున్నా.

పేజ్‌టేబుల్:
బ్రో, ఆ ప్రింట్ తీసెయ్ ముందు. ప్రింట్ చేసేటప్పుడు ఫర్మ్‌వేర్ లోపల మెమరీ అలొకేట్ చేసుకోవచ్చు, అప్పుడు మ్యాప్ మారిపోతుంది, నీ దగ్గరున్న మ్యాప్ కీ (ఎగ్జిట్‌కి ఇవ్వాల్సిన, ఆ మ్యాప్ గుర్తింపు నంబర్) పాతదైపోతుంది. మ్యాప్ తీసుకున్న మరుక్షణం ఎగ్జిట్ పిలవాలి, మధ్యలో ఇంకేం వద్దు. అయినా ఫెయిలైతే మళ్లీ మ్యాప్ తీసుకుని మళ్లీ పిలువు, కానీ మొదటిసారి ఫెయిలయ్యాక కొన్ని సర్వీసులు అప్పటికే ఆగిపోయి ఉండొచ్చు, మెమరీ ఫంక్షన్లు తప్ప ఏదీ ముట్టుకోకు. అందుకే బఫర్ కూడా ముందే కాస్త పెద్దదిగా తీసి పెట్టుకోవాలి. ఇంకా డిస్క్రిప్టర్ (మ్యాప్‌లో ఒక్కో ఎంట్రీ) సైజు ఫర్మ్‌వేర్ చెప్పిందే వాడు, స్ట్రక్చర్ 40 బైట్లే అయినా ఓవీఎంఎఫ్ 48 ఇస్తుంది, సైజాఫ్‌తో (స్ట్రక్చర్ సైజుతో) లూప్ తిప్పితే రెండో ఎంట్రీ నుంచే చెత్త వస్తుంది.

లోడర్_అన్న:
డిజైన్ సంగతి నేను చెప్తా. లోడర్ వేరుగానే ఉంచండి. లైనక్స్‌కి స్టబ్ 3.3 వెర్షన్‌లో, 2012లో వచ్చింది, వాళ్లకి ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా కెర్నల్ లేపడం కావాలి. అలా చేస్తే మీకు మాత్రం పీఈ (ఈఎఫ్ఐ ఫైళ్ల) ఫార్మాట్, మైక్రోసాఫ్ట్ కాలింగ్ కన్వెన్షన్ (ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్లు పంపే పద్ధతి) ఇవన్నీ కెర్నల్ బిల్డ్‌లోకి దూరతాయి, ఎందుకొచ్చిన గోల? లోడర్ ఒక బూట్ ఇన్ఫో స్ట్రక్చర్ నింపాలి: మెమరీ మ్యాప్, ఫ్రేమ్‌బఫర్ (స్క్రీన్ మీద కనిపించే పిక్సెళ్ల మెమరీ) అడ్రస్, ఏసీపీఐ ఆర్‌ఎస్‌డీపీ (హార్డ్‌వేర్ వివరాల పట్టికలకి దారి చూపే పాయింటర్), కెర్నల్ ఫిజికల్‌గా ఎక్కడుందో. ఎగ్జిట్ అయ్యాక జీఓపీ (ఫర్మ్‌వేర్ గ్రాఫిక్స్) ఫంక్షన్లు పనిచేయవు గానీ ఫ్రేమ్‌బఫర్ ఉంటుంది, అందుకే వివరాలు ముందే రాసుకోవాలి. అందులో పిక్సెల్స్ పర్ స్కాన్‌లైన్ (మెమరీలో ఒక్కో వరుసకి ఉన్న పిక్సెళ్లు) తప్పనిసరి, అది స్క్రీన్ వెడల్పుతో సమానం కాకపోవచ్చు, వెడల్పుతోనే లెక్కేస్తే బొమ్మ ఏటవాలుగా సాగిపోతుంది. కెర్నల్‌కి ఈ స్ట్రక్చర్ తప్ప ఫర్మ్‌వేర్ అనేది ఒకటుందనే తెలియకూడదు, అప్పుడు రేపు డివైస్ ట్రీ (హార్డ్‌వేర్‌ని వివరించే డేటా) ఉన్న ఆర్మ్ బోర్డు మీదకి తీసుకెళ్లాలన్నా బూట్ వైపు మారేది ఎక్కువగా లోడరే.

పేజ్‌టేబుల్:
అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతా. ఎగ్జిట్ తర్వాత బూట్ సర్వీసెస్ డేటా (బూట్ టైమ్‌లో ఫర్మ్‌వేర్ వాడుకున్న మెమరీ) ఖాళీ మెమరీయే అని అందరూ చెప్తారు, నిజమే, కానీ ఆ టైమ్‌కి నీ స్టాకూ ఫర్మ్‌వేర్ పేజీ టేబుల్సూ (వర్చువల్ అడ్రస్‌లని ఫిజికల్ మెమరీకి కలిపే పట్టికలు) మామూలుగా అందులోనే ఉంటాయి. సొంత స్టాక్, సొంత టేబుల్స్‌లోకి మారాకే దాన్ని అలొకేటర్‌కి ఇవ్వు.

రింగ్‌జీరో:
ప్రింట్ తీసేస్తే లాప్‌టాప్‌లో కూడా దాటేసింది, థాంక్స్ బ్రో! లోడర్ వేరే చేసేస్తున్నా అన్నా. కెర్నల్ హయ్యర్ హాఫ్‌కి (వర్చువల్ అడ్రస్‌ల పై సగం) వెళ్లాక రన్‌టైమ్ సర్వీసెస్ (ఎగ్జిట్ తర్వాత కూడా పనిచేసే ఫర్మ్‌వేర్ సేవలు) కోసం, వాటిని కొత్త వర్చువల్ అడ్రస్‌లకి మార్చే సెట్‌వర్చువల్‌అడ్రస్‌మ్యాప్ పిలవాల్సిందేనా?

లోడర్_అన్న:
అక్కర్లేదు. అది ఒక్కసారే పిలవగలిగేది, తేడా వస్తే సరిదిద్దుకునే దారి లేదు. రన్‌టైమ్ రీజియన్లని ఫిజికల్ అడ్రస్‌ల దగ్గరే మ్యాప్ చేసి ఉంచుకుంటే నేరుగా పిలుచుకోవచ్చు. ముందు ఫ్రేమ్‌బఫర్ మీద అక్షరాలు రానివ్వండి, రన్‌టైమ్ సంగతి తర్వాత.