ఒకే కష్టం, మనిషికొక తీరు: మీ ఇళ్ళలో ఒత్తిడి ఎలా బయటపడుతోంది?

మందస కోడలు:
మా మామగారికి మూత్రపిండాల జబ్బు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం పలాస తీసుకువెళ్ళాలి. యంత్రం దగ్గరే నాలుగేసి గంటలు పడుతుంది. జబ్బు ఆయనదే అయినా, నిబ్బరంగా కూర్చుని మనవళ్ళకు ఎక్కాలు చెబుతారు. తోడు వెళ్ళే అత్తగారికి మాత్రం రక్తపోటు వచ్చింది, ఆటో చప్పుడు వింటే గుండెదడ. కూలి పోయిన రోజులు లెక్కపెట్టుకుంటూ మావారు పిల్లలను కసురుతారు. నాకు ఆకలి చచ్చిపోయింది. మిగతా ఇళ్ళలోనూ ఇంతేనా?

గజపతినగరం మాస్టారు:
ఇంతేనమ్మా. ఆపద ఎదురైనప్పుడు శరీరం ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆపద తొలగితే అన్నీ సర్దుకుంటాయి గాని, ఎల్లుండి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిన ఇంట్లో అది తొలగేదెప్పుడు? మా పదో తరగతిలోనే పరీక్ష ఉదయం ఒకరికి వాంతులవుతాయి, మరొకరు ఎన్నడూ లేనంత శ్రద్ధగా చదువుతారు. బాధ్యత ఉండి, పరిస్థితిని మార్చడం తమ చేతిలో లేనివారే ఎక్కువ నలుగుతారని నా అభిప్రాయం. మీ అత్తగారి పరిస్థితి అదే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎచ్చెర్ల తీరం:
మావారు గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో చేపల వేటకు వెళ్తారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన వైపు జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అప్పటినుంచి ఫోన్ కలవని రాత్రి నాకు నిద్ర ఉండదు. మా తోడికోడలు అదే రాత్రి ఇల్లంతా కడుగుతుంది.

ఉద్దానం రైతుబిడ్డ:
మాస్టారూ, మీ మాటతో పూర్తిగా ఏకీభవించలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు మా కొబ్బరి తోట నేలకొరిగినప్పుడు అమ్మ ఏడ్చింది, నాన్న ఒక్క మాటా అనలేదు. ఆయన ధైర్యాన్ని ఊరంతా మెచ్చుకుంది. కొత్త మొక్కలు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో అమ్మ తేరుకుంది, నాన్న తోటవైపు వెళ్ళడమే మానేశారు. పైకి కనిపించే కోపం, కన్నీళ్ళకు ఎవరో ఒకరు పలుకుతారు, మౌనాన్ని మాత్రం బలమనుకుని వదిలేస్తారు. మందస అక్కా, మీ మామగారిని ఒక్కసారి అడిగి చూడండి.

మందస కోడలు:
అడిగాను తమ్ముడూ. డయాలసిస్ లేని రోజుల్లో దాహం వేసినా, నీళ్ళు కొలతకు మించితే ఆయాసం వస్తుందన్న భయంతో రాత్రంతా మేలుకునే ఉంటున్నారట. ఈసారి పలాసకు నేను తోడు వెళ్ళి, ఈ సంగతి డాక్టరుగారికి చెబుతాను.