అప్‌డేట్: ఆఫీసు వాయిస్‌మెయిల్ గ్రీటింగ్ మార్చాను

డాలస్ దగ్గర ఒక చిన్న టాక్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను, నేను ఫోన్ ఎత్తలేనప్పుడు వినిపించే గ్రీటింగ్‌లో ఏం చెప్పాలి అని అడిగాను కదా. 20 సెకన్లు దాటనివ్వద్దని, తిరిగి ఎప్పుడు ఫోన్ చేస్తానో స్పష్టంగా చెప్పమని చాలామంది అన్నారు. అందరికీ థాంక్స్, అలాగే రికార్డు చేశాను.

ముందు ఆఫీసు పేరు, నా పేరు. తర్వాత, మీ పేరూ నంబరూ నిదానంగా రెండుసార్లు చెప్పండి, మరుసటి పనిరోజులోపు ఫోన్ చేస్తాను అని. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" తీసేశాను. దానివల్ల వినేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు నంబరు) మెసేజ్‌లో చెప్పొద్దని గ్రీటింగ్‌లోనే కోరమన్న సలహా. ఇంతకుముందు కొందరు 9 అంకెలూ గడగడా చదివేసేవాళ్లు. మా వాయిస్‌మెయిల్ ఈమెయిల్‌కి కూడా వెళ్తుంది, అందుకే నాకు టెన్షన్‌గా ఉండేది. ఆ ఒక్క వాక్యంతో అది దాదాపు ఆగిపోయింది.

టాక్స్ రిటర్నుల గడువు ఏప్రిల్ 15 దగ్గరపడ్డాక ఇంకో మాట చేరుస్తాను: గడువు పొడిగించమని కోరే ఫారం 4868 వేస్తే రిటర్ను దాఖలుకు అక్టోబర్ 15 వరకు గడువు వస్తుంది, కట్టాల్సిన పన్నుకు మాత్రం రాదు. ఆ రోజుల్లో ఎక్కువమంది అడిగేది ఇదే.

చివర్లో తెలుగులో కూడా ఒక వాక్యం పెట్టాను. పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు ఇదివరకు బీప్ వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు. ఇప్పుడు పని ఏమిటో తీరిగ్గా చెబుతున్నారు.