డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు నెలసరి గురించి ఇప్పుడే చెప్పాలా?

పాప అమ్మ:
పాపకు 11 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఉండే, ఏదైనా నెమ్మదిగా నేర్చుకునే స్థితి. ఛాతీ ఎదుగుదల మొదలైంది. ఇంట్లో పెద్దవాళ్లేమో "అది దేవుడి బిడ్డ, దానికేం తెలుసు, ఇవన్నీ చెప్పి భయపెట్టొద్దు" అంటున్నారు. బంధువులొకరు ఏకంగా గర్భసంచి తీయించేయమన్నారు. చెప్పాలా? ఎలా చెప్పాలి?

స్పెషల్ టీచర్:
ఇప్పుడే మొదలుపెట్టండమ్మా. ఛాతీ పెరగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా నెలసరి వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉందని ఆలస్యమేమీ కాదు. చెప్పకపోతేనే భయం. రక్తం కనబడితే దెబ్బ తగిలిందనే కదా పాపకు తెలిసింది!

మాటలకన్నా చూపించడం మేలు. మీరు ప్యాడ్ మార్చుకునేటప్పుడు చూడనివ్వండి. తర్వాత పొడి ప్యాడ్ పెట్టి రోజూ అరగంట ఇంట్లో తిరగనివ్వండి, వారం వారం కాస్త పెంచండి. డ్రాయర్ లోపల ప్యాడ్ ఎక్కడ రావాలో మార్కర్‌తో గీయండి, లేకపోతే వెనక్కో ముందుకో అంటించి బట్టలు మరకలవుతాయి. ఎర్రరంగు నీళ్లు నాలుగు చుక్కలు వేసిన ప్యాడ్‌తో మార్చడం అలవాటు చేయండి. తీయడం, కాగితంలో చుట్టడం, చెత్తబుట్టలో వేయడం, కొత్తది అంటించడం, చేతులు కడగడం: మిగతావన్నీ మీరే చేసి, మొదట ఆ చివరిది ఒక్కటే తనతో చేయించండి. అది వచ్చాక దాని ముందుది. ఇలా అయితే పని పూర్తి చేసిన సంబరం ప్రతిసారీ తనదే.

"నిండితే మార్చుకో" అంటే తనకు అర్థం కాదు. లేవగానే, బడికెళ్లే ముందు, మధ్యాహ్నం అన్నానికి ముందు, బడి నుంచి రాగానే, పడుకునే ముందు అని వేళలు పెట్టండి.

పాప అమ్మ:
పొడి ప్యాడ్ నిన్న పెట్టి చూశాను. నిమిషంలో పీకేసింది.

స్పెషల్ టీచర్:
మొండితనం అనుకోకండి, ఆ ప్లాస్టిక్ పొర ఒంటికి గుచ్చుకుంటుంది. మెత్తటి నూలు గుడ్డ ప్యాడ్ గానీ, ప్యాడ్ లేకుండానే రక్తం పీల్చుకునే పీరియడ్ ప్యాంటీ గానీ చూడండి. ఐదు నిమిషాలతోనే మొదలుపెట్టండి.

లాయరమ్మ:
గర్భసంచి మాట ఇక ఎత్తనివ్వకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ ప్రకారం, అర్థం చేసుకుని ఇచ్చిన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం ఏదీ చేయకూడదు. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలో ఉండే, బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకు ఇలాగే గర్భసంచి తీయించారని దేశమంతా గొడవైంది. ఆ ఆపరేషన్ నెలసరిని ఆపుతుంది, అఘాయిత్యాన్ని ఆపదు. రక్తస్రావమో నొప్పో ఎక్కువైతే గైనకాలజిస్టు దగ్గర మందులున్నాయి.

బడి కౌన్సెలర్:
పసిపిల్ల అనుకోవడం వల్ల ఇంకో నష్టం ఉంది. వచ్చినవాళ్లందర్నీ వాటేసుకుంటుంటే అందరూ మురిసిపోతారు. ఐదేళ్లప్పుడు ముద్దొచ్చిన అలవాటు పదిహేనుకు ప్రమాదం, అప్పుడు మాన్పించబోతే తనకు శిక్షలా అనిపిస్తుంది. కౌగిలి అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ, మిగతా అందరికీ నమస్కారం. బాబాయిలకూ మామయ్యలకూ మినహాయింపు వద్దు, ఎందుకంటే హాని చేసేది ఎక్కువగా తెలిసినవాళ్లే. ఒంట్లోని ప్రతి భాగానికీ పేరు నేర్పండి, పేరు తెలియనిదాని గురించి ఫిర్యాదు చేయలేదు కదా.

అన్నిటికన్నా కష్టమైనది "వద్దు" అనడం. ఈ పిల్లలకు చిన్నప్పట్నుంచీ చెప్పినట్టు వినడమే నేర్పుతాం. అందుకే అన్నం దగ్గరే మొదలుపెట్టండి: కూర వద్దంటే వడ్డించకండి, జడ వద్దంటే కాసేపు ఆగండి. తన "వద్దు" చెల్లుతుందని ఇంట్లో తెలిస్తేనే బయట అనగలుగుతుంది. ఏదైనా అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పాక్సో చట్టం కింద, పిల్ల వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన నేరానికి శిక్ష ఇంకా ఎక్కువ.