బాడిసతో పాటు దొరికిన ఈ ఇనుప పట్టీ ఏమిటి?

అటక మీది పాత పెట్టెలో బాడిస, ఉలులు, రంపంతో పాటు ఒక ఇనుప పట్టీ దొరికింది. పొడవు 17 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు, ఒక చివర కర్ర పిడి. రెండు అంచుల్లోనూ మూడేసి గాట్లు, ఒక్కోటి ఒక్కో వెడల్పు. అన్నిటికన్నా సన్నదాంట్లో హ్యాక్‌సా బ్లేడు బిగుతుగా దూరుతుంది, పెద్దదాంట్లో రూపాయి బిళ్ళ అంచు పడుతుంది. గాట్ల మూతి దగ్గర ఇనుము నున్నగా అరిగింది, అంటే బాగా వాడిందే.

కిరోసిన్‌తో తుప్పు వదిలించాను. పేరు గానీ అంకె గానీ లేదు. స్పానర్ అనుకుని నట్టుకు పెట్టి చూశా, పట్టలేదు. తీగ వంచబోతే జారిపోయింది. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే సీసా మూత తీసేదంది (అంత పెద్ద పిడితోనా!). మా వీధి వడ్రంగి కుర్రాడికీ తెలియలేదు, అతనిదంతా మెషీన్ల పనే.

చేతి పనిముట్లతో వడ్రంగం చేసినవాళ్ళు చెప్పండి: ఈ గాట్లలో దేన్ని పెట్టేవారు?