‘అసెన్షన్’: మొదట అచ్చయినదా, కోల్ట్రేన్ ఎంచుకున్నదా? ఏది అసలు రికార్డు?

కొత్తశ్రోత
చికాగో నుంచి తిరిగి వచ్చేసిన మా మేనమామ తన ఎల్పీల్లో కొన్ని నాకు ఇచ్చారు. వాటిలో అమెరికన్ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ‘అసెన్షన్’ ఒకటి, ఇంపల్స్ కంపెనీది. దీనికి రెండు రూపాలున్నాయని, మొదట ఒకటి విడుదలై తరువాత దాని స్థానంలో ఇంకొకటి వచ్చిందని చదివాను. నా దగ్గరున్నది ఏదో తెలుసుకోవడం ఎలా? రెండింటిలో ఏది అసలుది అనుకోవాలి? ఇంకో సందేహం కూడా ఉంది. పది నిమిషాలకు మించి వినలేకపోయాను. లోపం నాలోనా, ప్లేటులోనా?

పాతప్లేట్లు
ముందుగా ఒక విన్నపం. దయచేసి దాన్ని మళ్ళీ వేయకండి.

ఇక వివరాలు. 1965 జూన్ 28న, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో 11 మంది కలిసి దీన్ని రెండుసార్లు వాయించారు. 1966లో ఎల్పీ వచ్చినప్పుడు అందులో ఒక టేక్, అంటే ఒకసారి వాయించినది, ఉంది. ప్లేట్లు అచ్చయ్యాక కోల్ట్రేన్ మనసు మార్చుకుని ఇంకో టేక్ వేయించాడు. అట్ట అదే, ఏ-95 అన్న నంబరూ అదే. కంటికి కనిపించే తేడా ఒక్కటే. మొదటి వైపు చివరి గాడికీ లేబులుకూ మధ్య ఉన్న ఖాళీలో ‘ఎడిషన్ 2’ అని చెక్కి ఉంటుంది. దీపం కింద ప్లేటును కొంచెం వంచి చూడండి. ఆ అక్షరాలు లేకపోతే మీది మొదటిదే. చెవితో పోల్చుకోవాలంటే రెండో వైపు చివర చూడాలి. ఎల్విన్ జోన్స్ ఒక్కడే వాయించే డ్రమ్స్ సోలో ఉంటే మొదటిది, లేకపోతే రెండోది. నన్నడిగితే మొదట అచ్చయినదే అసలుది.

మీది మొదటిదే అయితే కొత్త లోపలి కవరు కొని అందులో పెట్టండి. వినడానికి సీడీ ఉంది.

నిషాదం
వినలేకపోయానని అడిగినవారికి ఇచ్చే సలహా ‘వినకండి’ అనా? బాగుంది.

కోల్ట్రేన్ తిరస్కరించిన టేక్ అది. కవి చింపేయమన్న చిత్తుప్రతి ఎవరి దగ్గరో మిగిలిపోతే అదే అసలు కావ్యమవుతుందా? సంగీతకారుడు ఇది కాదు అది అన్నాడు. అక్కడితో తీర్పు అయిపోయింది.

ఖాళీఅట్ట
1992లో వచ్చిన సీడీలో రెండూ ఉన్నాయి. వరసగా వినండి, గొడవ తీరుతుంది.

పాతప్లేట్లు
నిషాదం గారూ, ‘తిరస్కరించిన’ అని ఎక్కడ చదివారు? వేరేదాన్ని ఇష్టపడ్డాడు. ఇష్టపడటం వేరు, తిరస్కరించడం వేరు. అంగట్లో రెండు చీరల్లో ఒకటి తీసుకుంటే రెండోదాన్ని తిరస్కరించినట్లా?

నిషాదం
మీరు చీర కొని ఇంటికి వచ్చాక, మళ్ళీ అంగడికి వెళ్ళి అది ఇచ్చేసి ఇంకొకటి తెచ్చుకుంటే, దాన్ని ఏమంటారు?

పాతప్లేట్లు
మార్చుకోవడం అంటారు.

ఖాళీఅట్ట
చీరల దుకాణం ఎప్పుడు తెరిచారు?

వరాళి
నేను పన్నెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఈ సంగీతం మీద ప్రేమ తరువాత వచ్చింది. మీరిద్దరూ మొదటిదా రెండోదా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు ఆ రెండూ ఒకే రోజు జరిగిన రెండు ప్రయత్నాలు. మొదట అచ్చయిన టేక్‌లో శాక్సఫోన్ సోలోల్లో ఆర్చీ షెప్ ముందు, జాన్ చికాయ్ తరువాత. తరువాత వేయించినదాంట్లో చికాయ్ ముందు. అప్పుడు అలా వచ్చింది, అంతే.

మా గురువుగారి కచేరీ క్యాసెట్ ఒకటి బంధువులకు కంఠతా వచ్చు. కల్పన స్వరాలతో సహా. ఆయన మరో ఊరిలో అదే కీర్తనకు వేరే స్వరాలు వేస్తే, వాళ్ళు లేచి వచ్చి “ఈ రోజు సరిగా కుదరలేదండీ” అన్నారు. మనోధర్మాన్ని క్యాసెట్‌లో పెడితే చివరికి అదే ఆయన మెడకు చుట్టుకుంది. ఇంగ్లండ్‌లో ఏఎంఎం బృందంతో వాయించిన కార్నీలియస్ కార్డ్యూ ఈ మాటే చెప్పాడు. ఆ చోటు, ఆ సమయం టేపులోకి రావు, ఆశువుగా పుట్టిన సంగీతానికి రికార్డు ఖాళీ గుల్ల లాంటిది అని ఆయన వాదన. అటువంటి గుల్లల్లో ఏది అసలుదని తేల్చి ఏం చేస్తారు?

నిషాదం
కార్డ్యూ అంతటివాడూ 1966లో ఏఎంఎం రికార్డులో వాయించాడు కదా. ఆశు సంగీతం గురించి పుస్తకమే రాసిన గిటారిస్టు డెరెక్ బెయిలీ, 1970లో మిత్రులతో కలిసి ఇన్కస్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. జాజ్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ సంగతి చూడండి. సంగీతం అయిపోగానే గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ పట్టుకోలేం అన్నాడు. ఆ మాట ఎక్కడ ఉంది? ‘లాస్ట్ డేట్’ రికార్డు చివర, ఆయన గొంతుతోనే. 1964 జూన్ 2న హాలండ్‌లో వాయించాడు, అదే నెల 29న బెర్లిన్‌లో పోయాడు. రికార్డే లేకపోతే ‘పట్టుకోలేం’ అన్న ఆ మాట కూడా మనకు దక్కేది కాదు.

మా ఊళ్ళో ఈ సంగీతం వాయించేవారు లేరు. వినేవారూ లేరు. నా ‘చోటూ సమయమూ’ ఒక పాత రికార్డు ప్లేయరు. కచేరీకి వెళ్ళగలిగినవారికి గుల్ల అనడం సులువు.

త్యాగి
కోల్ట్రేన్ భార్య ఆలిస్ సత్యసాయిబాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆమె పెట్టిన ఆశ్రమం పేరులోనూ సాయి ఉండేది. పుట్టపర్తి వైపువారు ఎవరైనా ఆమె భజనల రికార్డుల గురించి చెప్పగలరా?

పాతప్లేట్లు
వరాళి గారి మాటకు తరువాత వస్తాను. నిషాదం గారు ‘కవి చింపేయమన్న చిత్తుప్రతి’ అన్నారు. కోల్ట్రేన్ ఎవరినీ ఏదీ చింపేయమనలేదు. అచ్చయినవి అమ్ముడుపోయాయి. జనం కొన్నారు, విన్నారు. వాళ్ళకు తెలిసిన ‘అసెన్షన్’ అదే. ఎల్విన్ సోలో తీసేసిన టేక్‌ను అసలుది అనడం నాకు మింగుడు పడదు.

నిషాదం
తీసేయలేదు మహాశయా! ఆ టేక్‌లో ఆయన సోలో వాయించలేదు. రెండు వేర్వేరు టేకులు. కత్తిరింపు కాదు.

పాతప్లేట్లు
వాక్యం సరిగా రాయలేదు. అర్థం మీకు తెలుసు.

నిషాదం
తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ప్లేటు ఖాళీలో చెక్కిన అక్షరాలు చదివినంత శ్రద్ధగా మీరు పాట వినరు. మీ వంటివారిని చూశాను. కాలేజీ రోజుల్లో ఒక పెద్దమనిషి ఇంటికి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఆయన దగ్గర జర్మన్ శాక్సఫోన్ వాద్యకారుడు బ్రోట్జ్‌మన్ 1968లో సొంతంగా 300 కాపీలే వేయించిన ‘మషీన్ గన్’ ఉందని విన్నాను. అట్ట చూపించారు. టీ ఇచ్చారు. ప్లేటు మాత్రం బయటికి తీయలేదు. “ఇది వేసేది కాదు బాబూ” అన్నారు. ఆ సంగీతం నేను విన్నది తొమ్మిదేళ్ళ తరువాత. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మీరంతా అదే జాతి.

పాతప్లేట్లు
జాతి అన్నారు కాబట్టి చెబుతాను. 1994లో ఉద్యోగం కోసం గల్ఫ్ వెళ్ళాను. నా 212 ప్లేట్లు ఇంట్లోనే ఉన్నాయి. ఇల్లు మారుతూ మావాళ్ళు వాటిని పాత పేపర్లవాడికి వేసేశారు. అట్టలు కిలోల లెక్కన తూచి, ప్లేట్లు ఊరికే ఇచ్చారట. ఆ సంగతి నాకు ఫోనులో, వేరే విషయాల మధ్యలో చెప్పారు. తరువాత ఒక్కొక్కటే మళ్ళీ కొనుక్కున్నాను. ఒక్క గీత పడ్డా నాకు నిద్ర పట్టదు. ఇది మీకు పిసినారితనంగా కనిపిస్తే కనిపించనివ్వండి.

ఖాళీఅట్ట
212నా. అయ్యో.

నిషాదం
అది నిజంగా బాధాకరం. కానీ పోయినందుకు బాధపడేవారు ఉన్నదాన్ని వినాలి కదా? మీరు ‘అసెన్షన్’ చివరిసారి ఎప్పుడు విన్నారు? సూటిగా చెప్పండి.

పాతప్లేట్లు
సూటిగానే చెబుతాను. ‘క్రెసెంట్’ రికార్డు వరకు కోల్ట్రేన్ నాకు ప్రాణం. ‘ఎ లవ్ సుప్రీమ్’ సరే. ఆ తరువాత వాయించినది నా తలకెక్కలేదు. ‘అసెన్షన్’ మొదటినుంచి చివరివరకు విన్నది ఒక్కసారే, ఎల్విన్ సోలో ఉందో లేదో చూడటానికి. ఉంది. పెట్టేశాను.

వరాళి
అంటే ఇంతసేపూ మీకు నచ్చని సంగీతంలో ఏది అసలుదని వాదించారా!

పాతప్లేట్లు
నచ్చకపోతే పేపర్లవాడికి వేయాలా? మా ఇంట్లో చేసింది అదే కదండీ.

నాకు బాధగా ఉన్నది ఇంకొకటి. కోల్ట్రేన్ పాత బృందంలోని ఆ నలుగురి వాద్యం నా ఇరవయ్యో ఏట నన్ను నిలబెట్టింది. 1965 చివర్లో పియానో వాయించే మెక్కాయ్ టైనర్ వెళ్ళిపోయాడు. కొద్ది వారాలకే ఎల్విన్ కూడా. ఆ మొదటి ప్లేటు చివర్లో టైనర్ వాయిస్తాడు, బాసులు రెండూ మాట్లాడుకుంటాయి, తరువాత ఎల్విన్ ఒక్కడే మిగులుతాడు. నాకు అది వీడ్కోలులా వినిపిస్తుంది. కోల్ట్రేన్ దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి ఎంచుకున్నాడు. ఆయనకు ఆ హక్కు ఉందని నాకు తెలుసు. నచ్చలేదు, అంతే.

నిషాదం
ఈ మాట మొదటే చెబితే చీరల దాకా వెళ్ళేవాళ్ళం కాదు. అయినా నాది నాదే. ఎంచుకున్నది ఆయన.

ఒక సంగతి ఒప్పుకుంటాను. నా దగ్గర రెండో ఎడిషనే ఉంది. మొదటిది పూర్తిగా విన్నట్టు గుర్తు లేదు.

వరాళి
ఒకరు పూర్తిగా వినలేదు, ఇంకొకరు ఒక్కసారే విన్నారు. నా గుల్ల వాదన దీనికంటే మెరుగు.

కొత్తశ్రోత
క్షమించాలి, నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను. దీపం కింద వంచి చూశాను. ‘ఎడిషన్ 2’ అన్న అక్షరాలు లేవు. వద్దన్నారు గానీ వేశాను. ఈసారి రెండో వైపు నుంచి మొదలుపెట్టాను, చివర ఏముందో ముందే తెలిస్తే దారి దొరుకుతుందని. అందరూ ఒక్కసారిగా ఊదే చోట మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ప్లేటు పాడైందా అని అడిగింది. పియానో వచ్చాక కూర్చుంది. డ్రమ్స్ సోలో ఉంది. అక్కడ రెండు చోట్ల టిక్కు టిక్కుమని గీత చప్పుడు కూడా ఉంది, మామయ్య చేతిదే అయి ఉండాలి. మొదటి వైపు రేపు వింటాను.

పాతప్లేట్లు
ప్లేటు మీద ముల్లు బరువు ఎన్ని గ్రాములు పెట్టారు?