ఐటీ ఆఫీసు మోడల్‌లో ప్లగ్ లోడ్ ఎన్ని వాట్లు పెట్టాలి?

మాదాపూర్_మోడలర్:
నానక్‌రామ్‌గూడలో ఆరంతస్తుల ఆఫీసు, 90,000 చదరపు అడుగులు, 900 సీట్లు. లీడ్ (గ్రీన్ బిల్డింగ్ రేటింగ్) కోసం ఎనర్జీ మోడల్, అంటే ఏడాది కరెంటు వాడకాన్ని కంప్యూటర్‌లో లెక్కేయడం, చేస్తున్నా. లైటింగ్, ఏసీ తేలిపోయాయి, ప్లగ్ లోడ్ (కంప్యూటర్లు, ప్రింటర్ల లాంటి ప్లగ్‌కి పెట్టేవి లాగే కరెంటు) దగ్గర ఆగింది. ఎలక్ట్రికల్ డ్రాయింగుల్లో కనెక్టెడ్ లోడ్ (అన్నీ ఒకేసారి ఫుల్లుగా నడిస్తే లాగేది) చూస్తే చదరపు అడుక్కి 5 వాట్లు. అదే పెడితే ఆదా శాతం పాతాళానికి పోతోంది. మా సీనియరేమో "మొత్తం ఖర్చులో 25 శాతం వేసెయ్, ఎప్పుడూ అంతే" అంటున్నాడు. క్లయింట్‌ది అమెరికా షిఫ్టు, రాత్రి రెండింటిదాకా జనం ఉంటారు.

కొండాపూర్_అక్క:
ఆ 25 శాతం లీడ్ 2009 నాటి మాట. బేస్‌లైన్ (పోల్చడానికి తీసుకునే ప్రామాణిక బిల్డింగ్) ఖర్చులో ప్రాసెస్ వాటా, అంటే ప్లగ్ లాంటి లోడ్ల వాటా, అంతకన్నా తక్కువ చూపిస్తే ఎందుకో కాగితాలు పెట్టమనేవాళ్లు, అందుకని అందరూ కళ్లు మూసుకుని అదే వేసేవారు. మీ సీనియర్‌కి ఇంకా ఆ అలవాటు పోలేదు.

కనెక్టెడ్ లోడ్ కేబుల్ సైజుకీ, బ్రేకర్‌కీ పనికొస్తుంది, మోడల్‌కి కాదు. సీటు లెక్కన పోండి. ఛార్జర్ మీద 65 వాట్లని రాసున్నా మామూలు పనిలో ల్యాప్‌టాప్ 30 దాటడం తక్కువ. మానిటర్ 20, రెండుంటే 40. సీటుకి 70 వాట్లు, 100 చదరపు అడుగులు, అంటే చదరపు అడుక్కి 0.7 వాట్లు. ప్యాంట్రీ, ప్రింటర్లు విడిగా కలపండి. ఆష్రే (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం) హ్యాండ్‌బుక్‌లో తేలికపాటి ఆఫీసుకి 0.5, మధ్యరకానికి 1 వాట్ ఉంటుంది. మీది ఆ మధ్యలోనే పడుతుంది. సర్వర్ రూమ్‌ని మాత్రం ఇందులో కలిపేయొద్దు.

ఇంకోటి, ఆష్రే 90.1 స్టాండర్డ్‌లోని అపెండిక్స్ జీ ప్రకారం ఈ లోడ్ బేస్‌లైన్‌లోనూ ప్రపోజ్డ్‌లోనూ (మీరు కట్టే బిల్డింగ్ మోడల్) ఒకటే. అందుకే ఎక్కువ పెడితే శాతం పలచబడుతుంది. మొత్తం 100లో ప్లగ్ 25 అనుకుంటే, మిగతా 75లో 30 శాతం ఆదా అంటే 22.5. ప్లగ్ 40 అయితే అదే పనితనానికి 18 మిగులుతుంది. అలాగని 0.3 పెట్టి గెలుద్దామనుకుంటే లీడ్ రివ్యూయర్ ఊరుకోడు.

షిఫ్ట్_ఇంచార్జి:
అన్నా, వాట్ల సంగతి అక్క చెప్పింది, టైమింగ్ సంగతి నేను చెప్తా. మా బిల్డింగుల కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీదనే, కాఫీ మిషిన్, ఓవెన్ రా పవర్ (యూపీఎస్ లేని మామూలు లైను) మీద. క్లయింట్‌కి పాత ఆఫీసు ఉంటది గదా, ఆడికి పోయి యూపీఎస్ అవుట్‌పుట్ ప్యానెల్ మీటర్ల గంట గంటకు కిలోవాట్లు రాస్కో. ఆదివారం రాత్రి గూడ రాయాలె. జనం లేకున్నా లోడు సున్నా కాదు, మానిటర్లు, డాకులు (ల్యాప్‌టాప్ తగిలించే డబ్బాలు) బంద్ జేసేటోడు ఎవడు?

మాదాపూర్_మోడలర్:
పాత ఆఫీసు గచ్చిబౌలిలోనే ఉంది, అడుగుతా. మరి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆఫీసు షెడ్యూల్ (ఏ గంటకి ఎంత లోడో చెప్పే పట్టిక) వాడొచ్చా?

కొండాపూర్_అక్క:
అది పొద్దున తొమ్మిదికొచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఆఫీసుది, ఆరు దాటగానే పడిపోతుంది. మీవాళ్లకి అసలు పని మొదలయ్యేదే అప్పుడు. అది వదిలేస్తే రాత్రి ప్లగ్ కరెంటే కాదు, ఆ వేడిని తోడే చిల్లర్ కరెంటు కూడా మోడల్‌లో మాయమవుతుంది. ఇంచార్జి గారు చెప్పిన రీడింగులతో షెడ్యూల్ మార్చి, రెండు మోడళ్లలోనూ ఒకటే పెట్టి, ఆ షీటూ సీట్ల లేఅవుటూ సబ్మిషన్‌కి జతచేయండి. మీ సీనియర్‌కి కూడా ఒక కాపీ.