ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) పాత ప్రగతి బ్యాంకు లెడ్జర్ (ఖాతా పద్దు) డిలీట్ కావడం లేదు. ఎట్ల తీసేయాలి?

ఎర్రగుంట్ల_బండలు: మాది బండల పాలిషింగ్ యూనిట్, పార్ట్‌నర్‌షిప్. ప్రగతి గ్రామీణ బ్యాంకులో ఉన్న ఖాతా మూసేసినాం. బ్యాలెన్స్ సున్నా. ఈ ఏడాది ఒక్క ఎంట్రీ లేదు. అయినా లెడ్జర్ తెరిచి ఆల్ట్ డి కొడితే పోవడం లేదు. దారి చెప్పండి చాలు, నీతులు వద్దు.

అనంత_పద్దులు: బ్యాలెన్స్‌తో పని లేదండి. ఆ లెడ్జర్ మీద ఒక్క వోచర్ (ఎంట్రీ) ఉన్నా ట్యాలీ తీయనివ్వదు. మీరు చూస్తున్నది ఈ ఏడాది పీరియడ్. ఆల్ట్ ఎఫ్2 కొట్టి, పుస్తకాలు మొదలైన తేదీ నుంచి పెట్టి చూడండి, పాతవన్నీ బయటపడతాయి. ఎక్సెప్షన్ రిపోర్ట్స్ కూడా తెరవండి. ఆప్షనల్, మెమొరాండం వోచర్లు, అంటే లెక్కలో కలపకుండా పక్కన పెట్టిన ఎంట్రీలు, మామూలు లెడ్జర్‌లో కనబడవు కానీ అక్కడే ఉంటాయి. అసలు డిలీట్ ఎందుకు? పేరు పక్కన ‘మూసిన ఖాతా’ అని చేర్చి వదిలేయండి.

కడప_కుర్రోడు: బ్యాంకే లేదు, ఇంక లెడ్జర్ ఎందుకన్నా! 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేసినారు. కడపలో ఉన్న హెడ్డాఫీసు కూడా అమరావతికి పాయె.

ఎర్రగుంట్ల_బండలు: పేరు మార్చడం నాకు తెలుసు సార్. నేను అడిగింది డిలీట్.

ఆదోని_పత్తి: డిలీట్ చేస్తే కేసు అవుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. మార్చిన ప్రతి ఎంట్రీకీ జాడ ఉండాలి.

ఎర్రగుంట్ల_బండలు: ఆ రూలు కంపెనీలకు. మాది కంపెనీ కాదు. తెలిసి మాట్లాడండి.

అనంత_పద్దులు: ఆ మాట నిజమే, ఆ రూలు పార్ట్‌నర్‌షిప్‌కు రాదు. కానీ జీఎస్టీ ఉంది కదా? వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. ఆదాయపు పన్ను రిటర్న్‌లో ఆ ఏడాది ఎప్పుడు నడిచిన ఖాతా అయినా చూపాలి, మధ్యలో మూసేసినా సరే. రేపు నోటీసు వస్తే ఏం చూపిస్తారు?

ఎర్రగుంట్ల_బండలు: పాస్‌బుక్ ఉంది, స్టేట్‌మెంట్లు ఉన్నాయి. మాది కంపెనీ కాదని మళ్లీ చెప్తున్నా.

నంద్యాల_సోనా: బ్యాకప్ తీసుకుని డేటా స్ప్లిట్ చేయండి, అంటే పాత ఏళ్లు ఒక దాంట్లో, కొత్తవి ఇంకో దాంట్లో. కొత్త దాంట్లో పాత వోచర్లు ఉండవు, సున్నా లెడ్జర్ పోతుంది. పాతది పాతగా ఉంటుంది. మా బియ్యం మిల్లులో అట్లే చేసినాం.

అనంత_పద్దులు: ఇది మంచి దారి. పాతది చెక్కుచెదరదు.

ఎర్రగుంట్ల_బండలు: పాత దాంట్లో కూడా ఉండకూడదు.

అనంత_పద్దులు: అట్ల చెప్పండి మరి! ఇందాకటి నుంచి సాఫ్ట్‌వేర్ గొడవ అనుకుని జవాబిస్తున్నా. నేను ఒక షావుకారు దగ్గర పద్దులు రాసినాను. ఆయనే కూర్చుని ఎంట్రీలు తీసేసి, ఆఫీసర్లు వచ్చిన రోజు ‘అకౌంటెంట్ చేసినాడు’ అని నా వైపు చెయ్యి చూపించినాడు. జీతం కూడా ఎగ్గొట్టినాడు. డిలీట్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఎర్రగుంట్ల_బండలు: మీ షావుకారు మీద కోపం నా మీద ఎందుకు? నా యూనిట్, నా కంప్యూటర్. దుమ్ములో నిలబడి నడిపింది నేను. బెంగళూరులో కూర్చున్నోడు ఇప్పుడు వచ్చి ‘ప్రగతి ఖాతా లెక్క చూపించు’ అంటే చూపించాలా?

కడప_కుర్రోడు: ఓహో. భాగాలా?

ఎర్రగుంట్ల_బండలు: తమ్ముడు. పార్ట్‌నరే, కాగితం మీద. నాయన పోయినాక ఒక్క రోజు యూనిట్‌కు రాలేదు.

అనంత_పద్దులు: కాగితం మీద ఉంటే చాలు. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం, సెక్షన్ 12: ప్రతి పార్ట్‌నర్‌కూ పుస్తకాలు చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ఉన్నాయి. పనికి రానోడు చూడకూడదని అందులో ఎక్కడా లేదు. ఎడిట్ లాగ్ (ట్యాలీలో మార్పుల జాడ) ఆన్‌లో ఉంటే మీరు తీసేసిన సంగతీ ఆయనకు కనబడుతుంది.

ధర్మవరం_పట్టు: సారూ, చట్టం సరే. పొద్దున లేచి లారీలు లోడ్ చేయించినోడి కష్టం ఏ లెడ్జర్‌లో రాస్తారు? మా ఇంట్లో మగ్గాలు పంచినప్పుడు నేనూ అడిగినా. జవాబు రాలేదు.

అనంత_పద్దులు: పార్ట్‌నర్ జీతం అని డీడ్‌లో (పార్ట్‌నర్‌షిప్ ఒప్పంద పత్రం) రాసుకుంటే రాస్తాం. ముందే రాసుకోవాలి. ఖాతా మాయం చేస్తే కష్టం లెక్కకు రాదు, అనుమానం వస్తుంది.

ఎర్రగుంట్ల_బండలు: ఎక్సెప్షన్ రిపోర్ట్స్ చూసినా. ఆప్షనల్‌లో కొన్ని డ్రాయింగ్స్ (పార్ట్‌నర్ సొంతానికి తీసుకున్న డబ్బు) పడి ఉన్నాయి. గుమాస్తా పెట్టినట్లుంది.

అనంత_పద్దులు: ఎవరి డ్రాయింగ్స్?

నంద్యాల_సోనా: బ్యాకప్ మాత్రం ఇప్పుడే తీయండి అన్నా, ఎవరివైనా సరే.

అనంత_పద్దులు: అడిగిన దానికి జవాబు రాలేదు. మీవా, తమ్ముడివా?

గుత్తి_నూనె_మిల్లు: మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. మా పాత గుమాస్తా ట్యాలీ వాల్ట్ (డేటాకు వేసే తాళం) పాస్‌వర్డ్ చెప్పకుండా మానేసినాడు. ట్యాలీలో మా లెక్కల ఫైలు తెరిచే దారి ఉందా?